క్రైస్తవ విశ్వాసంలో గర్వం, పునరుద్ధరణ

మనిషి తన ప్రాణం, బలం, తెలివి, సుగుణం దేవుడిచ్చినవని ఒప్పుకోక, వాటికి తానే మూలమని తలచి, దేవుని యెదుట తనకు లేని ఎత్తునూ తోటివారి మీద తనకు లేని అధికారాన్నీ ఆపాదించుకోవడాన్ని క్రైస్తవ దైవశాస్త్రం గర్వం అంటుంది. పనిని శ్రద్ధగా ముగించినవాడికి కలిగే తృప్తి గానీ, అణచివేతకు గురైనవాడు నిలబెట్టుకునే ఆత్మగౌరవం గానీ ఈ నిర్వచనంలోకి రావు. అయితే సంఘాలు ఆచరణలో ఈ తేడాను ఎల్లప్పుడూ పాటించాయని చెప్పలేం. పాపం వల్ల దేవునితోనూ విశ్వాసుల సమూహంతోనూ తెగిపోయిన సంబంధం తిరిగి కలవడమే పునరుద్ధరణ. మారుమనస్సు, ఒప్పుకోలు, క్షమాపణ, సమాధానపడటం అని తెలుగు క్రైస్తవులు వాడే మాటలు ఆ కలయికలోని వేర్వేరు ఘట్టాలను తెలుపుతాయి. ఈ రెండింటినీ కలిపి చర్చించడానికి బలమైన కారణం ఉంది: తక్కిన పాపాలు చేసినవాడికి ఏదో ఒక రోజు క్షమాపణ కావాలనిపిస్తుంది కానీ, గర్వం ఆ అవసరమే తనకు లేదని మనిషిని నమ్మిస్తుంది. అందువల్ల ఈ సంప్రదాయంలోని ఆలోచనాపరులు విర్రవీగిన రాజుల కంటే ఉపవాసాలు, ప్రార్థనలు తప్పని భక్తుల విషయంలోనే ఎక్కువగా కలత చెందారు. రెండు వేల ఏళ్ల సంఘ చరిత్రను చూసినప్పుడు, పడిపోయినవాడిని ఎలా లేపాలన్న ప్రశ్న కంటే, పడనివాడు ఆ పడినవాడిని ఏ కళ్లతో చూడాలన్న ప్రశ్నే సంఘాన్ని లోతుగా పరీక్షించినట్లు కనిపిస్తుంది.

హెబ్రీ లేఖనాలలో

పాత నిబంధన గర్వాన్ని సూత్రంగా కంటే కథగానే ఎక్కువ చెబుతుంది. ఆదికాండములో మొదటి దంపతులను శోధించిన మాట దేవతలవలె అవుతారన్న ఆశే. అదే గ్రంథంలో బాబెలు గోపురం కట్టినవారు పేరు సంపాదించుకోవాలనే తలంపుతో పని మొదలుపెట్టి, చివరకు ఒకరి మాట ఒకరికి అర్థంకాక చెదిరిపోయారు. పాత నిబంధనలోకెల్లా చిన్నదైన ఓబద్యా గ్రంథం, కొండల సందులలో నివసిస్తూ తమను ఎవరూ కిందికి దించలేరని ధీమా పడిన ఎదోమీయుల మీద తీర్పు ప్రకటిస్తుంది. ఇక్కడ గర్వం ఒక వ్యక్తిది కాక ఒక జాతి మొత్తానిది, పైగా అది సోదర జాతి ఆపదను చూసి సంతోషించడంగా బయటపడింది. యెషయా గ్రంథంలోని బబులోను రాజును గురించిన శోకగీతాన్నీ, యెహెజ్కేలు గ్రంథంలోని తూరు రాజును గురించిన ప్రవచనాన్నీ మూడో శతాబ్దపు పండితుడు ఓరిజెన్ మొదలైనవారు పరలోకం నుంచి పడిపోయిన దూతకు అన్వయించారు. సాతాను పతనానికి గర్వమే కారణమన్న నమ్మకం క్రైస్తవ లోకంలో స్థిరపడింది ఆ అన్వయం నుంచే గానీ, ఆ గ్రంథాలు నేరుగా మాట్లాడేది వాటి కాలపు రాజుల గురించే.

యూదా రాజుల చరిత్రలో ఉజ్జియా కథ ప్రత్యేకంగా గమనించదగినది. యాభై రెండేళ్లు పాలించి, కోటలు కట్టించి, బావులు తవ్వించి, వ్యవసాయం మీద మక్కువ చూపిన సమర్థుడిగా రెండవ దినవృత్తాంతముల గ్రంథం అతన్ని వర్ణిస్తుంది. అతడు చెడిపోయింది బలహీనుడుగా ఉన్నప్పుడు కాదు, బలపడిన తరువాతనే అని కూడా ఆ గ్రంథం స్పష్టంగా చెబుతుంది. యాజకులకు మాత్రమే తగిన ధూపారాధనను తానే చేయబోయి, అడ్డుకున్న యాజకుల మీద కోపగించిన క్షణంలో అతని నొసట కుష్ఠు పుట్టింది. అతడు చనిపోయేవరకు వేరుగా ఒక ఇంట్లో నివసించాడే తప్ప, తన స్థితికి తిరిగి వచ్చినట్లు కథనం చెప్పదు. దీనికి భిన్నమైనది మనష్షే కథ. యెరూషలేములో నిరపరాధుల రక్తం పారించాడని రాజుల గ్రంథం ఎవరిని నిందించిందో, ఆ మనష్షేయే అష్షూరు సైన్యానికి చిక్కి, సంకెళ్లతో బబులోనుకు పోయి, అక్కడ తన్ను తాను బహుగా తగ్గించుకొని ప్రార్థించగా దేవుడు అతన్ని తిరిగి సింహాసనానికి రప్పించాడని దినవృత్తాంతముల గ్రంథం రాసింది. రాజుల గ్రంథంలో ఈ పశ్చాత్తాపం ప్రస్తావన లేదు. ప్రవాసం ముగిసిన తరువాత కూలిన దేశాన్ని మళ్లీ నిలబెట్టుకుంటున్న ప్రజల కోసం రాసిన గ్రంథం కాబట్టి, ఎంతటి దుర్మార్గుడికైనా తిరుగుదారి ఉందని చూపడం దినవృత్తాంతకారునికి అవసరమైందని పండితులు భావిస్తారు. మనష్షే ప్రార్థన అనే చిన్న రచన తరువాతి కాలంలో పుట్టి, తూర్పు సంఘాల ఆరాధనలో నేటికీ నిలిచి ఉంది.

ఈ వరుసలో అత్యంత ప్రసిద్ధమైనది దానియేలు గ్రంథం నాలుగో అధ్యాయం. క్రీ.పూ. 605 నుంచి 562 వరకు పాలించిన నెబుకద్నెజరు రాజప్రాసాదం మీద తిరుగుతూ, ఈ మహానగరాన్ని నా బలంతో, నా ఘనత కోసం కట్టించానని అనుకుంటాడు. ఇది కేవలం కథకుని ఊహ కాదని బబులోను శిథిలాలే సాక్ష్యమిస్తాయి: అక్కడ దొరికిన లెక్కలేనన్ని ఇటుకల మీద ఆ రాజు పేరు ముద్రించి ఉంది. ఆ మాట నోట ఉండగానే అతడు మతి తప్పి, మనుషుల మధ్య నుంచి వెళ్లగొట్టబడి, ఏడు కాలాలు గడిచేవరకు పశువులవలె గడ్డి మేశాడని కథనం చెబుతుంది. కుమ్రాను గుహలలో దొరికిన రాతప్రతులలో ఒకటి దాదాపు ఇలాంటి వృత్తాంతాన్నే చివరి బబులోను రాజు నబోనిదుకు ఆపాదిస్తున్నందువల్ల, రెండు కథనాలకూ ఒకే పాత సంప్రదాయం ఆధారమై ఉండవచ్చని పలువురు పరిశోధకులు తలుస్తారు. విశ్వాస దృష్టితో చూస్తే ఆ అధ్యాయంలోని ప్రధాన విషయం శిక్ష కాదు, స్వస్థత జరిగిన క్రమం. రాజు తన కన్నులు ఆకాశం వైపు ఎత్తాడు, ఆ తరువాత బుద్ధి తిరిగి వచ్చింది, చివరన రాజ్యం తిరిగి వచ్చింది. అన్నిటికన్నా పైన తానే ఉన్నానని కిందికి చూసినవాడికి పిచ్చి పట్టడం, పైకి చూసినవాడికి మతి కుదురుకోవడం ఈ కథ నిర్మాణంలోనే ఇమిడి ఉన్నాయి. అతని తరువాత వచ్చిన బెల్షస్సరు ఇదంతా ఎరిగి కూడా తగ్గించుకోలేదన్నదే మరుసటి అధ్యాయంలో దానియేలు అతని మీద మోపిన నేరం.

సువార్తలలో, పత్రికలలో

కొత్త నిబంధనలో గర్వం రాజప్రాసాదం నుంచి ప్రార్థనా స్థలంలోకి వస్తుంది. లూకా సువార్త పద్దెనిమిదో అధ్యాయంలోని ఉపమానంలో పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే వర్గానికి చెందినవాడు, దేవునికి కృతజ్ఞతలే చెబుతున్నాడు. చెప్పిన పుణ్యకార్యాలలో ఒక్కటీ అబద్ధం కాదు. దూరంగా నిలిచిన సుంకరిని, అంటే పన్ను వసూలు చేసేవాడిని, కొలమానంగా వాడుకోవడమే అతని ప్రార్థనను చెడగొట్టింది. పదిహేనో అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని కథలో ఇదే సంగతి ఇంకా లోతుగా కనిపిస్తుంది. ఆస్తి తగలేసి తిరిగి వచ్చిన చిన్న కొడుకును తండ్రి ఎదురేగి కౌగలించుకొని, కూలివాడిగా ఉంటానన్న అతని మాట పూర్తి కానివ్వకుండానే అంగీ, ఉంగరం, చెప్పులు తెప్పించాడు. పెద్ద కొడుకు మాత్రం ఇంట్లో అడుగు పెట్టలేదు, వచ్చినవాడిని తమ్ముడు అనకుండా నీ కొడుకు అన్నాడు. అతడు లోపలికి వెళ్లాడా లేదా అన్నది కథ చెప్పదు. సంఘాలలో జరిగే ప్రసంగాలు తరచు చిన్నవాడి దగ్గరే ఆగిపోతాయి గానీ, ఈ కథను పుట్టించిన సందర్భం పాపులతో కలిసి భోంచేస్తున్నాడని యేసు మీద సణిగిన భక్తుల సణుగుడే కాబట్టి, అది ముఖ్యంగా పెద్దవాడిని ఉద్దేశించినదని చెప్పడం న్యాయం.

పేతురు కథ ఈ విషయానికి మూలస్తంభం వంటిది. అందరూ విడిచిపోయినా తాను విడువనని చెప్పినవాడు ఆ రాత్రే మూడుసార్లు తన గురువును ఎరుగనన్నాడు. యోహాను సువార్త చివరి అధ్యాయంలో, తిబెరియ సముద్ర తీరాన, పునరుత్థానుడైన యేసు అతన్ని మూడుసార్లు ప్రేమను గురించే అడిగాడు; ఇతరుల కంటే ఎక్కువగా ప్రేమిస్తున్నావా అన్నది మొదటి ప్రశ్న, ఆ పోలికను పేతురు తన జవాబులో తీసుకోలేదు. మునుపటి ప్రగల్భం పోయిందనడానికి అంతకు మించిన గుర్తు కథలో అవసరం లేదు. పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో క్రీస్తు దేవునితో సమానుడై ఉండి దాసుని రూపం ధరించి సిలువ మరణం వరకు తగ్గించుకున్నాడని చెప్పిన భాగం, తగ్గింపును నైతిక సలహా స్థాయి నుంచి దేవుని స్వభావానికి సంబంధించిన విషయంగా మార్చింది. యాకోబు, పేతురు పత్రికలు రెండూ దేవుడు అహంకారులను ఎదిరించి దీనులకు కృప చూపుతాడన్న పాత సామెతను ఉదహరిస్తాయి.

ఎడారి సన్యాసుల పరిశీలన

నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారులలో ఏకాంత జీవితం గడిపిన సన్యాసులు గర్వాన్ని లోపలి నుంచి, దాదాపు వైద్యుని శ్రద్ధతో, పరిశీలించారు. 399లో మరణించిన ఎవాగ్రియస్ మనస్సును పట్టి పీడించే తలంపులు ఎనిమిదని లెక్కకట్టి, వాటిలో చివరివి రెండూ కీర్తికాంక్ష, గర్వం అని చెప్పాడు. తిండి మీద ఆశ వంటివి ఓడిపోయేకొద్దీ బలహీనపడతాయి. కీర్తికాంక్ష మాత్రం తక్కిన వాటి మీద గెలుపును తిని బలుస్తుంది, అంటే మనిషి సాధించిన ప్రతి విజయమూ దానికి మేతే. గర్వం అంతకు ఒక మెట్టు దాటి, దేవుని సహాయం వల్ల జరిగిన మేలును తన సొంత ఘనకార్యంగా లెక్కించుకునేలా చేసి, అర్థం చేసుకోలేదని తోటి సన్యాసులను తృణీకరించేలా చేస్తుంది. దాని వెంట కోపం, విచారం, చివరికి చిత్తభ్రమ వస్తాయని ఆయన హెచ్చరించాడు. ఈ విద్యను లాటిను లోకానికి అందించిన జాన్ కాసియన్ మఠాల నియమాలను గురించిన తన గ్రంథంలో పన్నెండో భాగాన్ని పూర్తిగా గర్వానికే కేటాయించి, ఒక్కొక్క దుర్గుణం ఒక్కొక్క సుగుణాన్ని పాడుచేస్తే గర్వం ఒక్కటే అన్నిటినీ కూల్చుతుందని వివరించాడు.

కాసియన్ నమోదు చేసిన హీరాన్ అనే వృద్ధ సన్యాసి ఉదంతం చదివినవారిని కలచివేస్తుంది. యాభై ఏళ్లు కఠిన ఉపవాసాలతో ఎడారిలో గడిపిన ఆయన, పస్కా పండుగనాడు కూడా తోటి సహోదరులతో కలిసి భోంచేస్తే తన నియమం తగ్గుతుందని దూరంగా ఉండేవాడు. చివరికి ఒక దర్శనాన్ని దేవదూతగా నమ్మి, తన పుణ్యం వల్ల తనకేమీ కాదని లోతైన బావిలో దూకాడు. సహోదరులు కొన ఊపిరితో పైకి తీసినా, తాను మోసపోయానని ఒప్పుకోకుండానే మూడో రోజున చనిపోయాడు. ఆయన లోపం భక్తి తక్కువ కావడం కాదు, పెద్దల సలహా అడగకపోవడం అని కాసియన్ నిర్ధారించాడు. అందుకే ఎడారి సంప్రదాయంలో గర్వానికి మందు ఆత్మనింద కాక, తన తలంపులను అనుభవజ్ఞుడైన మరొకరి ముందు దాచకుండా విప్పడం అయింది.

ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్పు అగస్టీను, 410లో రోమా నగరం కొల్లగొట్టబడిన తరువాత మొదలుపెట్టిన దేవుని నగరం అనే బృహద్గ్రంథంలో, చెడు సంకల్పానికి ఆరంభం గర్వమేనని వాదించాడు. అదే సందర్భంలో ఆయన చెప్పిన ఒక మాట ఆ కాలానికి సాహసమైనది: తమ మీద తమకే మురిపెం ఉన్నవారు ఏదో ఒక బాహాటమైన పాపంలో పడటం వారికి మేలు చేస్తుందనీ, ధీమాతో మాట్లాడిన పేతురు కంటే ఏడ్చిన పేతురు ఆరోగ్యంగా ఉన్నాడనీ ఆయన అభిప్రాయం. 590 నుంచి 604 వరకు పోపుగా ఉన్న మహా గ్రెగొరీ గర్వాన్ని జాబితాలో ఒకటిగా ఉంచక, ఏడు ముఖ్య పాపాలకూ వేరుగా నిలబెట్టాడు. మధ్యయుగపు ఏడు పాపాల వర్గీకరణ ప్రధానంగా ఆ ఏర్పాటు మీదనే కట్టినది. బెనెడిక్టు తన మఠ నియమావళిలో తగ్గింపుకు పన్నెండు మెట్లు చెప్పాడని అందరూ ఉదహరిస్తారు. అదే నియమావళిలో, తప్పు చేసి వెలి అయిన సన్యాసి మితిమీరిన దుఃఖంలో మునిగిపోకుండా మఠాధిపతి వివేకులైన వృద్ధులను రహస్యంగా అతని దగ్గరికి పంపాలన్న ఏర్పాటూ, మఠం విడిచి వెళ్లినవాడిని మూడుసార్ల వరకు తిరిగి చేర్చుకోవాలన్న ఏర్పాటూ అంతకు తక్కువ విలువైనవి కావు.

పడినవారి వివాదం

గర్వం, పునరుద్ధరణ ఒకదానికొకటి ఎదురుపడి సంఘాన్ని చీల్చిన సందర్భం మూడో శతాబ్దం మధ్యలో వచ్చింది. రోమా చక్రవర్తి డీషియస్ సామ్రాజ్యంలోని వారందరూ దేవతలకు బలి అర్పించి, అధికారుల నుంచి ధ్రువపత్రం పొందాలని శాసించాడు. ఈజిప్టు ఇసుకలో అలాంటి పత్రాలు నలభైకి పైగా నేటి పరిశోధకులకు దొరికాయి. 250లో రోమా బిషప్పు ఫాబియన్ ప్రాణం పోగొట్టుకున్నాడు. చాలామంది క్రైస్తవులు భయంతో బలి అర్పించారు, కొందరు సాంబ్రాణి మాత్రం వేశారు, ఇంకొందరు బలి అర్పించకుండానే లంచమిచ్చి పత్రం సంపాదించారు. వీరందరికీ కలిపి పడినవారు అనే పేరు వచ్చింది. చెరసాలకూ చిత్రహింసకూ ఓర్చుకొని ప్రాణాలతో బయటపడ్డవారిని ఒప్పుకోలుదారులని పిలిచి, సంఘం ఎంతో గౌరవించింది.

ఏడాది తిరగకుండానే పడినవారు సంఘపు తలుపు తట్టారు. కార్తేజి నగరంలో కొందరు ఒప్పుకోలుదారులు తమ శ్రమల బలంతో పడినవారికి సమాధాన పత్రాలు రాసి ఇవ్వసాగారు. లూసియన్ అనేవాడు ఒప్పుకోలుదారులందరి పేరిట పడినవారందరికీ ఒకేసారి క్షమాపణ ప్రకటించేంత దూరం పోయాడు. దాక్కొని ఉండి ఉత్తరాల ద్వారా సంఘాన్ని నడిపిస్తున్న బిషప్పు సిప్రియన్ దీనికి ఒప్పుకోలేదు. పారిపోయాడన్న నింద మోస్తున్న ఆయనకు హింసను భరించినవారి మాటను కాదనడం ఎంత కష్టమో ఊహించవచ్చు. చెరసాల నుంచి వచ్చినవాడు సైతం శోధనకు అతీతుడు కాడనీ, నిన్నటి ధైర్యం నేటి అహంకారానికి అనుమతి కాదనీ ఆయన వాదం. మరోవైపు రోములో నోవేషియన్ అనే పెద్ద పండితుడు, బలి అర్పించినవారికి సంఘంలో ఇక ఎన్నటికీ చోటు లేదని పట్టుబట్టి, 251లో కొర్నేలి బిషప్పుగా ఎన్నికైన తరువాత తానే పోటీ బిషప్పుగా అభిషేకం పొందాడు. అతని అనుచరులు తమను పరిశుద్ధులమని పిలుచుకున్నారు.

సిప్రియన్ ఈ రెండు వైపుల వారినీ ఒకే జబ్బుకు గురైనవారిగా చూశాడు: ఒకరు తమ శ్రమలను క్షమించే అధికారంగా మార్చుకున్నారు, మరొకరు తమ నిష్కళంకతను మూసివేసే అధికారంగా మార్చుకున్నారు. 251లో కార్తేజిలో కూడిన బిషప్పుల సభ ఒక్కొక్కరి సంగతి విడిగా విచారించాలని నిర్ణయించింది. పత్రం కొనుక్కున్నవారిని తగిన ప్రాయశ్చిత్త కాలం తరువాత చేర్చుకోవచ్చు. బలి అర్పించినవారు ఎక్కువ కాలం దుఃఖపడాలి, మరణశయ్య మీద ఉంటే మాత్రం వారికి సమాధానం నిరాకరించకూడదు. కొద్దికాలంలోనే మరో హింస రాబోతున్నదన్న సూచనలు కనిపించగానే, పశ్చాత్తాపపడుతున్నవారందరినీ మరో సభ వెంటనే చేర్చుకుంది; పోరాటానికి వెళ్లబోయేవారిని ఆయుధం లేకుండా పంపరాదన్నది దాని తర్కం. సిప్రియన్ 258లో హతసాక్షి అయ్యాడు.

ఈ వివాదం నుంచి సంఘం రెండు సూత్రాలు నేర్చుకుంది. మొదటిది, చేర్చుకోవడానికి కాలం, క్రమం, సాక్షులు కావాలి. సులువుగా ఇచ్చిన క్షమాపణ గాయాన్ని మాన్పకుండా పైన చర్మం కప్పుతుందని సిప్రియన్ హెచ్చరించాడు. రెండోది, సహవాసంలోకి తిరిగి రావడం వేరు, పదవిలోకి తిరిగి రావడం వేరు. స్పెయిను బిషప్పులు ఇద్దరు పడిపోయి తిరిగి తమ స్థానాలు కోరినప్పుడు, వారిని విశ్వాసులుగా చేర్చుకోవచ్చు గానీ బిషప్పులుగా కాదని ఆఫ్రికా సభ తీర్పు ఇచ్చింది. 325లో నైసియా మహాసభ నోవేషియన్ వర్గపు యాజకులు తిరిగి రావాలంటే, పడిపోయి పశ్చాత్తాపపడినవారితో కలిసి ప్రభుభోజనంలో పాల్గొంటామని రాసి ఇవ్వాలని షరతు పెట్టింది; అంటే ఆ చోట పునరుద్ధరణ అవసరమైనవారు పడనివారే అయ్యారు. ఆ సభకు వచ్చిన నోవేషియన్ బిషప్పు అకేసియస్‌తో చక్రవర్తి కాన్‌స్టంటైన్, నిచ్చెన వేసుకొని ఒక్కడివే పరలోకానికి ఎక్కిపొమ్మన్నాడని సంఘ చరిత్రకారుడు సోక్రటీసు రాశాడు.

ప్రాయశ్చిత్తం నుంచి సంస్కరణ వరకు

390లో థెస్సలొనీక నగరంలో తన సేనాని హత్యకు ప్రతీకారంగా జరిగిన ఊచకోతకు బాధ్యుడైన థియొడోసియస్ చక్రవర్తిని మిలాను బిషప్పు అంబ్రోసు ప్రభుభోజనానికి దూరం పెట్టాడు. చక్రవర్తి రాజచిహ్నాలు విడిచి సంఘం ముందు ప్రాయశ్చిత్తం చేసుకుని, ఆ ఏటి క్రిస్మస్ నాటికి తిరిగి చేర్చుకోబడ్డాడు. ఇలాంటి బహిరంగ ప్రాయశ్చిత్తం క్రమంగా తగ్గి, ఐర్లండు మఠాల ప్రభావంతో గురువు చెవిలో చేసే రహస్య ఒప్పుకోలు వ్యాపించగా, 1215లో నాల్గవ లాటరన్ మహాసభ విశ్వాసులందరూ ఏటా ఒకసారైనా ఒప్పుకోలు చేయాలని శాసించింది. మార్టిన్ లూథర్ 1518లో హైడెల్‌బర్గ్ వాదసభలో గర్వాన్ని ఇంకా లోతున పట్టుకున్నాడు: మనిషి తన సత్క్రియలనే దేవుని మీద హక్కుగా మార్చుకుంటాడు కాబట్టి, దేవుడు సిలువలో, అంటే మనిషి ఊహకు అవమానంగా తోచే చోట, తన్ను తాను బయలుపరచుకున్నాడని వాదించాడు. రోమను కథోలిక సంఘం పునరుద్ధరణను సంస్కారం ద్వారా, అంటే దేవుని కృపకు గుర్తుగా సంఘం జరిపే ఆచారం ద్వారా, అందించడం కొనసాగించగా, ప్రొటెస్టంటు సంఘాలు మత్తయి సువార్త పద్దెనిమిదో అధ్యాయం ఆధారంగా సంఘ క్రమశిక్షణను నెలకొల్పాయి. ఆ క్రమశిక్షణ చాలాచోట్ల లేపడానికి కాక బహిష్కరించడానికే ఎక్కువగా ఉపయోగపడటం విచారకరమైన సత్యం.

ఉజ్జీవాల కాలపు గర్వం

పద్దెనిమిదో శతాబ్దపు ఉత్తర అమెరికాలో వచ్చిన మహా ఉజ్జీవాన్ని, అంటే సామూహిక భక్తి మేల్కొలుపును, సమర్థించిన జొనాథన్ ఎడ్వర్డ్స్, ఉజ్జీవం లోపలికి అపవాది దూరే ముఖ్య ద్వారం ఆత్మీయ గర్వమని తన సొంత పక్షాన్నే హెచ్చరించాడు. ఆ హెచ్చరికకు ఉదాహరణగా జేమ్స్ డావెన్‌పోర్ట్ నిలిచాడు. లాంగ్ ఐలాండ్‌లో కాపరిగా ఉన్న ఈయన ఊరూరా తిరుగుతూ, ఏ బోధకుడికి నిజమైన మారుమనస్సు ఉందో, ఎవరికి లేదో తానే నిర్ణయించి, బహిరంగంగా పేర్లు చెప్పి నిందించేవాడు. 1743 మార్చిలో న్యూ లండన్ పట్టణంలో తన అనుచరుల చేత గౌరవనీయులైన దైవశాస్త్రజ్ఞుల పుస్తకాలు కుప్పవేయించి కాల్పించాడు. మరుసటి సంవత్సరం ఆయన ముద్రించిన ఒప్పుకోలు పత్రం ఈ రకపు రచనలలో అరుదైనది: నిందించిన బోధకుల విషయంలో, మనసులో తోచిన ప్రేరణలను దేవుని ఆజ్ఞలుగా తీసుకున్న విషయంలో, పుస్తకాలు కాల్చిన విషయంలో తన తప్పులను ఒక్కొక్కటిగా విడదీసి రాసి, తన వల్ల తప్పుదారి పట్టినవారిని కూడా వెనక్కి రమ్మని వేడుకున్నాడు. సహకాపరులు ఆయన్ని తిరిగి నమ్మారు. 1754లో న్యూయార్క్ సినొడ్‌కు, అంటే ఆ ప్రాంతపు సంఘాల పాలక సభకు, అధ్యక్షత వహించాడు. సాధారణంగా తప్పు చేశానని మాత్రం చెప్పక, ఏ తప్పు, ఎవరి పట్ల, ఎలా జరిగిందో పేరుపేరునా చెప్పడమే ఆయన ఒప్పుకోలుకు బలం.

జాతి గర్వం, కుల గర్వం

ఇరవయ్యో శతాబ్దంలో దైవశాస్త్రజ్ఞులు సమూహాల గర్వం వైపు తిరిగి చూశారు. నాజీ పాలనకు తగినంత ధైర్యంగా ఎదురు నిలవలేదని జర్మను ప్రొటెస్టంటు నాయకులు 1945 అక్టోబరులో స్టుట్‌గార్ట్‌లో అపరాధ ప్రకటన చేశారు. అందులో యూదుల పేరు లేకపోవడం ఆ ఒప్పుకోలులోని లోటుగా నేటికీ విమర్శకు గురవుతున్నది. అమెరికా పండితుడు రైన్‌హోల్డ్ నీబూర్ 1939లో ఎడిన్‌బరోలో ఇచ్చిన ఉపన్యాసాలలో, వ్యక్తిగా నిజాయితీపరుడైనవాడు సైతం జాతి పేరిట, వర్గం పేరిట గర్వించడానికి వెనుకాడడని విశ్లేషించాడు.

తెలుగు ప్రాంతంలో ఈ ప్రశ్న కులం రూపంలో వచ్చింది. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి మొదట పట్టణంలోని పై కులాలవారు ఆసక్తిగా వచ్చారు. మాదిగ కులస్థుడైన ఎర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగలు సంఘంలోకి రావడం మొదలవగానే, వారిని చేర్చుకోవద్దని పై కులాలవారు పట్టుబట్టారు. క్లౌ దంపతులు ఆ సందిగ్ధంలో ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరవగా, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, ఎవరూ అతిశయపడకుండా దేవుడు లోకం నీచంగా ఎంచినవారిని ఏర్పరచుకున్నాడన్న భాగమే కనబడిందని క్లౌ తన జ్ఞాపకాలలో రాశాడు. పై కులాలవారు దూరమయ్యారు, సంఘం పల్లెల్లోని పేటల వైపు కదిలింది. మహా కరువు ముగింపులో, 1878 జూలై 3న, గుండ్లకమ్మ తీరాన ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. అయినా కులం సంఘపు గడప బయట ఆగిపోలేదు. మాల, మాదిగ సంఘాల మధ్య దూరం, పై కులాల నుంచి వచ్చిన విశ్వాసులు పెళ్లి సంబంధాలలో పాటించే పట్టింపు తెలుగు క్రైస్తవ సమాజంలో నేటికీ బహిరంగ రహస్యాలే.

విదేశీ మిషనరీల జాతి గర్వాన్ని సూటిగా ఎత్తిచూపినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో ఆయన, మిషనరీలు త్యాగాలు చేశారు, ఆస్తులు ఇచ్చారు, కానీ భారతీయ సహపనివారిని సమానులుగా, మిత్రులుగా చూడలేకపోయారని చెప్పినప్పుడు సభ కలవరపడింది. తమిళ నాడారు కుటుంబంలో పుట్టి, తెలుగు నేర్చి, నిజాం రాజ్యంలోని దోర్నకల్‌లో పనిచేస్తున్న ఆయన 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు. ఆయన విస్తరింపజేసిన దోర్నకల్ సంఘంలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారే.

విమర్శ, కొనసాగుతున్న చర్చ

గర్వమే మూలపాపమన్న బోధ మీద బలమైన విమర్శ 1960లో వచ్చింది. అమెరికా పండితురాలు వాలరీ సైవింగ్ ఒక వ్యాసంలో, నీబూర్ వంటివారు వర్ణించిన గర్వం అధికారం చేతిలో ఉన్న పురుషుల అనుభవమనీ, స్త్రీలను పీడించే శోధన తమకంటూ ఒక వ్యక్తిత్వం లేకుండా ఇతరుల కోసం కరిగిపోవడమనీ వాదించింది. అలాంటివారికి తగ్గించుకొమ్మని బోధిస్తే అది మందు కాక రోగాన్ని పెంచే విషమవుతుంది. 1980లలో రూపుదిద్దుకున్న దళిత దైవశాస్త్రం ఇదే ప్రశ్నను భారతీయ నేల మీద నిలబెట్టింది: తరతరాలుగా తలవంచినవాడికి దీనత్వం గురించి ప్రసంగించడం, తల వంచించినవాడి పని సులువు చేయడమే కదా అని ఆ ధోరణికి ఆద్యుల్లో ఒకరైన అర్వింద్ నిర్మల్ తరువాతి తరం పండితులు అడిగారు. లూకా సువార్తలో మరియ పాడిన పాట గర్విష్ఠులను చెదరగొట్టి దీనులను ఎక్కించడం ఒకే పనిగా చూపుతుంది కాబట్టి, కిందివాడిని లేపడం కూడా పునరుద్ధరణలో భాగమేనన్నది వారి నిలకడైన వాదం. ఈ విమర్శ పాత బోధను తోసివేయడం లేదు, దాన్ని ఎవరికి వినిపించాలో నిర్ణయిస్తున్నది. అందువల్ల అది సంఘానికి శత్రువు కాదు.

పడిపోయిన సంఘ నాయకుల విషయం నేటి సంఘాలలో తీవ్రంగా చర్చకు వస్తున్నది. కొందరు బోధకులు పేతురును చూపించి, పశ్చాత్తాపపడిన కాపరిని వెంటనే ప్రసంగ వేదిక మీద నిలబెట్టాలంటారు. కానీ పేతురు ఎవరినీ దోచుకోలేదు, తన కాపుదలలో ఉన్నవారిని గాయపరచలేదు. అతని పతనంలో నష్టపోయినవాడు యేసే, ఆయనే ఎదుట నిలిచి ప్రశ్నించాడు. కాపరి వల్ల గాయపడినవారు ఉన్నప్పుడు వారిని అడగకుండా జరిగే పునరుద్ధరణకు ఆ కథ ఆధారం కాదు. జర్మను కాపరి డీట్రిష్ బోన్‌హాఫర్ 1937లో ప్రచురించిన శిష్యత్వాన్ని గురించిన గ్రంథంలో, పశ్చాత్తాపం అడగని క్షమాపణను చౌకైన కృప అని నిరసించాడు. 2002లో అమెరికా కథోలిక బిషప్పులు, పసివారిపై లైంగిక దురాచారం చేసినట్లు ఒక్కసారి రుజువైనా ఆ గురువును సేవ నుంచి శాశ్వతంగా తొలగించాలనీ, గురుపట్టం కోల్పోనివాడు ప్రార్థనలో, ప్రాయశ్చిత్తంలో జీవితం గడపాలనీ నియమం చేశారు. క్షమాపణ తలుపు తెరిచే ఉంచి పదవి తలుపు మూసిన ఈ నియమం, కార్తేజి సభ పడిపోయిన బిషప్పుల విషయంలో ఇచ్చిన తీర్పుకు దగ్గరగా ఉంది. ప్రొటెస్టంటు సంఘాలలో, ముఖ్యంగా ఒకే కాపరి స్థాపించి నడిపే స్వతంత్ర సంఘాలలో, అలాంటి తీర్పు ఇవ్వగల సభ గానీ, కాపరిని ప్రశ్నించగల పెద్దలు గానీ తరచు ఉండరు. తెలుగు రాష్ట్రాలలో ఇలాంటి స్వతంత్ర సంఘాలు చాలా ఉన్నాయి.